అభ్రకం రేకులు

సింహం అడవిలో కొంత దూరం నడిచాక ఆగి, మెడ తిప్పి, తాను వచ్చిన దారిని ఒకసారి చూసుకుంటుందట. అరవై దాటాక నాకూ అలా ఆగి చూసుకోవాలనిపించింది. నా చూపు మాత్రం చేసిన ఉద్యోగం మీదికో, కట్టుకున్న ఇంటి మీదికో పోలేదు. చిన్నప్పటి నుంచి నేను ప్రాణంగా ప్రేమించిన ప్రేమకథల మీదికి పోయింది. పద్యాల్లో చదివినవి, టెంటు హాల్లో నేల మీద కూర్చుని చూసినవి, అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి తెచ్చుకున్నవి, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఒక్కొక్కదాన్నీ మళ్ళీ తెరిచాను. అక్షరం మారలేదు. కథలో నేను నిలబడే చోటు మారింది.

మాది గూడూరు. మద్రాసు నుంచి వచ్చే రైలుదారి ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి నెల్లూరు మీదుగా బెజవాడకు, రెండోది రేణిగుంటకు. ఇప్పుడు గూడూరంటే అందరికీ నిమ్మకాయల మార్కెట్టు గుర్తుకొస్తుంది గానీ, నా చిన్నతనంలో ఈ ఊరి పేరు చెప్తే మైకా గుర్తుకొచ్చేది. సైదాపురం, కలిచేడు వైపు గనుల నుంచి అభ్రకం దిమ్మలు వచ్చేవి. షెడ్డుల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని వాటిని రేకులుగా ఒలిచేవాళ్ళు. మాకు మేనత్త వరసయ్యే ఒకామె ఆ పని చేసేది. నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. మొండిగా, మట్టి పట్టి ఉన్న దిమ్మ అంచున కత్తి మొన ఆనించి, మణికట్టు కాస్త తిప్పేది. గాజులాంటి రేకు ఒకటి విడివడి ఆమె ఒళ్ళో పడేది. దాని కింద అంతకంటే తేటగా ఇంకో రేకు. ఇంకా ఎన్ని ఉన్నాయత్తా అని అడిగితే, కత్తి దూరేంతసేపూ ఉంటాయిరా అనేది.

ఈ కథల్ని మళ్ళీ చదువుతున్నప్పుడల్లా ఆ మాటే నా చెవుల్లో వినిపించింది.

ఉంగరం లేని శకుంతల

మొదట తెలిసిన ప్రేమకథ శకుంతలది. బడిలో మాకు చెప్పింది కాళిదాసు కథ. దుర్వాసుడి శాపం, నీళ్ళలో జారిపోయిన ఉంగరం, చేప కడుపులో దొరికిన ఉంగరం. పదేళ్ళ వయసులో ఆ చేపే నాకు కథంతా. రాజు మంచివాడే, మరిచిపోవడం ఆయన తప్పు కాదు, శాపం తప్పు. ఆ సంగతి తెలిసి మనసు కుదుటపడింది.

చాలా ఏళ్ళ తర్వాత నన్నయ ఆదిపర్వం తీరుబడిగా చదివాను. అందులో శాపం లేదు, ఉంగరం లేదు. కొడుకును వెంటబెట్టుకుని శకుంతల నిండు సభలో నిలబడింది. దుష్యంతుడికి ఆమె ఎవరో తెలుసు. తెలిసీ, లోకం ఏమంటుందోనని తెలియదన్నాడు. అప్పుడు శకుంతల ఏడుస్తూ కూలబడలేదు. సత్యం ఎంత గొప్పదో మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ రాజు ముఖాన చెప్పింది. ఆ పద్యం తెలుగు పిల్లలందరికీ వచ్చు. నేనూ బట్టీ పట్టి బహుమతి తెచ్చుకున్నాను. నీతిపద్యం అనుకునే అప్పజెప్పాను. తనను ఎరగనని అబద్ధమాడుతున్న మగవాడి ఎదుట ఒక ఆడమనిషి నిలబడి చేసిన వాదన అని ఆనాడు నాకెవరూ చెప్పలేదు. పద్యాన్ని కథలోంచి తీసి విడిగా నేర్పిస్తే ఎంత నష్టమో నాకు అప్పుడు తెలిసింది.

నలదమయంతుల కథ కూడా అంతే. చిన్నప్పుడు నా కళ్ళు హంస మీద ఉండేవి. శ్రీనాథుడి శృంగారనైషధం ఆ హంస రాయబారాన్ని, స్వయంవరాన్ని, పెళ్ళిని, కొత్త దంపతుల సుఖాన్ని చెప్పి ముగుస్తుంది. కానీ నన్నయ అరణ్యపర్వంలో కథ పెళ్ళి దగ్గర ఆగదు. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని, ఇద్దరికీ మిగిలిన ఒక్క చీరలో సగం చించుకుని, నిద్రపోతున్న భార్యను అడవిలో వదిలి వెళ్ళిపోతాడు. నాకు పెళ్ళయి, ఇల్లు గడవడం కష్టమైన రోజుల్లో ఆ చీర చించిన ఘట్టం చదివి పుస్తకం మూసేశాను. ఇంకా పెద్దయ్యాక తెరిస్తే దమయంతి తెలివి కనిపించింది. ఎక్కడున్నాడో తెలియని మొగుణ్ణి రప్పించడానికి రెండో స్వయంవరం ప్రకటించిన మనిషి ఆమె. ఆ కథలో వెతికింది ఆమె, కనిపెట్టింది ఆమె, కలిపింది ఆమె. నలుడి పేరు ముందు పెట్టి పిలుస్తున్నాం గానీ కథను చివరిదాకా మోసింది దమయంతే.

కాలేజీలో చదివిన మనుచరిత్ర మరో రేకు. పాదలేపం పూసుకుని హిమాలయానికి వెళ్ళిన ప్రవరుడు, అతని మీద మనసుపడిన వరూధిని. ప్రవరుడు కాదని వెళ్ళిపోయే చోట మా పాఠం అయిపోయేది. అతని నిగ్రహాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాసేవాళ్ళం. తర్వాతి కథ పరీక్షకు లేదు. వరూధిని అంతకుముందు వద్దన్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపం వేసుకుని వచ్చి ఆమెను చేరాడు. ఆమె ఒప్పుకున్నది ఒక మనిషికి, దగ్గరికి వచ్చింది వేరే మనిషి. అల్లసాని పెద్దన ఐదువందల ఏళ్ళ కిందట రాసిన ఆ మలుపును ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా చదివినప్పుడు నాకు వణుకు పుట్టింది. పద్యం అందం ఎక్కడికీ పోలేదు. ఆ అందం కింద ఒక మోసం ఉందని మాత్రం ఇక మరిచిపోలేను.

నెల్లూరు గడ్డ మీద పుట్టినవాడిగా తిక్కన ఒక పని ముందే చేసి పెట్టాడని గర్వపడతాను. భారతం చేపట్టకముందు, 13వ శతాబ్దంలో, మనుమసిద్ధికి అంకితంగా ఆయన రాసిన నిర్వచనోత్తర రామాయణం పట్టాభిషేకం తర్వాతి కథ. నిండు గర్భిణి సీతను అడవిలో వదిలి రావడం అందులో ఉంది. సీతారాముల కల్యాణాన్ని ఏటా ఊరూరా జరుపుకునే జాతికి, ఆ కల్యాణం తర్వాత ఏం జరిగిందో మన నెల్లూరు కవి తెలుగులో చెప్పి పెట్టాడు. ఏడువందల ఏళ్ళు దాటాక ఓల్గా విముక్త కథల్లో అదే సీతను శూర్పణఖ దగ్గరికి, అహల్య దగ్గరికి, రేణుక దగ్గరికి, ఊర్మిళ దగ్గరికి నడిపించింది. 2015లో ఆ పుస్తకానికి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అదే సీత, అదే అడవి. అడవిలో ఆమెతో మాట్లాడేవాళ్ళు ఉన్నారని ఈసారి తెలిసింది.

పెద్ద వయసు రాధ

ప్రేమకథలో నడివయసు మనిషికి చోటుందా అని ఎవరైనా అడిగితే, తంజావూరులో 18వ శతాబ్దంలోనే ఒక స్త్రీ జవాబు చెప్పిందని చెప్తాను. ముద్దుపళని రాధికాసాంత్వనంలో రాధ, తాను పెంచిన ఇళ అనే పిల్లను తానే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. మొదటి రాత్రికి ఆ పిల్లను తానే సిద్ధం చేస్తుంది. ఆ తర్వాత ఆ బాధ భరించలేక అలుగుతుంది. చివరికి కృష్ణుడే వచ్చి బతిమాలుకోవాలి. ఇరవై ఏళ్ళప్పుడు ఈ కావ్యాన్ని దాని శృంగారం కోసం వెతికి చదివాం. ఇప్పుడు చదివితే, తన చేత్తో ఇచ్చేసి తర్వాత కుమిలిపోయే మనిషి కనిపిస్తుంది. ఆ బాధ యౌవనానికి అర్థమయ్యేది కాదు.

ఆ పుస్తకానికి జరిగిందీ తెలుసుకోవాలి. కందుకూరి వీరేశలింగం అంతటి సంస్కర్త దాన్ని తప్పుపట్టాడు. బెంగళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి పాఠాన్ని అచ్చువేయించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో గానీ ఆ నిషేధం తొలగలేదు. కామం గురించి రాసిన మగకవులు ఎందరో ఉండగా, ఒక స్త్రీ రాసినది మాత్రం ముప్పై అయిదేళ్ళు దాక్కోవలసి వచ్చింది.

చలం మైదానం వచ్చింది 1927లో. మా తరం దాన్ని అట్టకు వార్తాపత్రిక చుట్టి చదివింది. లాయరు మొగుణ్ణి వదిలి, అమీర్ వెంట మైదానంలోకి నడిచిపోయిన రాజేశ్వరి మాకు స్వేచ్ఛకు రూపం. సంఘం అనే గోడ కూలిన చప్పుడు వినిపించిందని స్నేహితులం రాత్రంతా మాట్లాడుకున్నాం. యాభై ఏళ్ళు దాటాక మళ్ళీ చదివాను. రాజేశ్వరి ధైర్యం ఇంచు కూడా తగ్గలేదు. కానీ ఆ మైదానంలో కూడా వండేది ఆమే, ఎదురుచూసేది ఆమే, కడుపులోని బిడ్డ వద్దని అమీర్ అంటే దెబ్బ తినేదీ ఆమే. గోడలు లేనంత మాత్రాన పెత్తనం లేకుండా పోదని చలం రాసే పెట్టాడు. గోడ కూలిన సంబరంలో మేమే చదవలేదు.

వెండితెర మీద వదిలేసిన మనుషులు

కావ్యాల తర్వాత మా ఊరికి ప్రేమకథల్ని తెచ్చింది సినిమా. 1951 చివర్లో వచ్చిన మల్లీశ్వరి, 1953 జూన్ 26న వచ్చిన దేవదాసు, 1964 జనవరిలో వచ్చిన మూగమనసులు. ఈ మూడూ నేను పుట్టకముందో, ఊహ తెలియకముందో వచ్చినవే. అయినా పాత సినిమాలు మళ్ళీ మళ్ళీ ఆడే కాలం కాబట్టి మూడూ నాకు గూడూరులోనే పరిచయం.

మల్లీశ్వరి బి.ఎన్.రెడ్డి తీసిన కావ్యం. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు మొదటిసారి కలం పట్టింది దీనికే. బావామరదళ్ళ ప్రేమ, శిల్పాలు, వాన. ఆ వాన రాత్రి సత్రంలో, మారువేషంలో ఉన్న రాయలవారితో శిల్పి అయిన బావ నాగరాజు వేళాకోళంగా ఒక మాట అంటాడు, మా మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని. చిన్నప్పుడు ఆ మాటకు హాల్లో అందరితో పాటు నవ్వాను. నిజంగానే పల్లకీ వచ్చింది. ఇప్పుడు చూస్తుంటే ఆ సన్నివేశంలోనే నా గుండె ఆగుతుంది. ఇద్దరు మగవాళ్ళు సరదాగా అనుకున్న మాటకు ఒక పిల్ల జీవితం గోడల వెనక్కి పోయింది. పంపమన్నవాడు అడగలేదు, పంపినవాడు అడగలేదు, పల్లకీ చూసి మురిసిన తల్లీ అడగలేదు. భానుమతి ముఖంలో ఆ అడగని ప్రశ్న మొదటి నుంచీ ఉంది. నేనే ఎన్.టి.రామారావు ఉలిని చూస్తూ ఉండిపోయాను.

దేవదాసు మా ఊళ్ళో మూడు తరాల మగవాళ్ళకు బైబిలు. శరత్ చంద్రుడు చిన్న వయసులోనే రాసి, 1917 దాకా అచ్చుకివ్వని నవల అది. వేదాంతం రాఘవయ్య సినిమాగా తీస్తే అక్కినేని నాగేశ్వరరావు దాని పేరుతోనే బతికాడు. ఇంట్లో కోపమొస్తే గడ్డం పెంచుకుని, ఎవరినో కోల్పోయినట్టు రైలు పట్టాల పక్కన తిరిగిన కుర్రాళ్ళు మా వీధిలో ఎందరో. మేమంతా దేవదాసు దుఃఖాన్ని పంచుకున్నాం. నవల చదివినప్పుడు, దేవదాసు గేలపు కర్రతో పార్వతి నుదుటి మీద కొట్టిన గాయం గుర్తుందా? ఆ మచ్చ తమ ప్రేమకు గురుతు అని పదిహేడేళ్ళప్పుడు ఎంతో మురిశాను. ఇప్పుడు అది నుదుటి మీద దెబ్బ, అంతే. అర్ధరాత్రి పరువు పక్కనబెట్టి తన గదికి వచ్చిన పిల్లతో నిలబడలేనివాడు, ఊరు దాటాక ఉత్తరం రాసినవాడు దేవదాసు. పార్వతి తనకంటే ఎంతో పెద్దవాణ్ణి కట్టుకుని, ఎదిగిన సవతిపిల్లలకు తల్లయి, ఆ ఇంటిని నిలబెట్టింది. ఆమె ఏ సీసా ముట్టలేదు. ఏడవడానికి ఆమెకు తీరిక లేదు. నాకిప్పుడు ఆ కథకు పార్వతి అనే పేరుంటే బాగుండుననిపిస్తుంది.

మూగమనసులు గురించి చెప్పాలంటే ముందు ఆత్రేయ గురించి చెప్పాలి. మా వైపువాడు. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టినవాడు. ఆదుర్తి సుబ్బారావు తీసిన ఈ సినిమాకు ప్రధానంగా పాటలు రాసింది ఆయనే. గోదావరి మీద పడవ నడిపే గోపి, జమీందారు బిడ్డ రాధ. పెళ్ళయి వెళ్ళి వితంతువుగా తిరిగొచ్చిన రాధను లోకం మాటలంటే, ఇద్దరూ గోదారి పాలవుతారు. మరుజన్మలో మళ్ళీ కలుస్తారు. అక్కినేని, సావిత్రి చేతులు పట్టుకుంటే హాలంతా ముక్కు చీదేది.

ఈ మధ్య ఒక రాత్రి నేనూ నా భార్యా టీవీలో చూస్తుంటే ఆమె ఒక మాటంది. "ఈ కథంతా మనకు చెప్తున్నది ఎవరో చూశారా?" అప్పుడు వెలిగింది నాకు. చెప్తున్నది గౌరి. గోపిని ప్రేమించి, అతను రాధను పూజిస్తుంటే పక్కనే నిలబడిన పిల్ల. జమున వేసిన వేషం. ఆ ఇద్దరూ పోయాక మిగిలింది గౌరి ఒక్కతే. ముసలిదై, వాళ్ళ సమాధి దగ్గరే ఉండి, మళ్ళీ పుట్టి వచ్చిన ఆ జంటకు వాళ్ళ కథ వాళ్ళకే చెప్పింది. చచ్చిపోయినవాళ్ళ ప్రేమ మనదాకా వచ్చిందంటే, ఆ ప్రేమలో చోటు దొరకని మనిషి దాన్ని దాచిపెట్టబట్టే. నలభై ఏళ్ళకు పైగా ఈ సినిమా చూస్తూ గౌరిని నేను సరదా పాత్ర అనుకున్నాను. ఆ రాత్రి నుంచి నాకు మూగమనసు అంటే గౌరిదే.

మరో చరిత్ర నాటి కుర్రాళ్ళం

1978 మే నెలలో మరో చరిత్ర వచ్చేసరికి నాకు పదహారు. అరవ అబ్బాయి, తెలుగు అమ్మాయి, పక్కపక్క ఇళ్ళు, ఒకరి భాష ఇంకొకరికి రాదు. మద్రాసు రైళ్ళు గంటగంటకూ ఆగే గూడూరులో అది మా సొంత కథలా ఉండింది. మా వీధిలో రెండు భాషలూ కలిపి మాట్లాడే ఇళ్ళు ఉండేవి. బాలచందర్ తీశాడు, కమల్‌హాసన్, సరిత వేశారు, ఎమ్మెస్ విశ్వనాథన్ స్వరానికి మళ్ళీ మా ఆత్రేయే పాటలు. పాడినవాళ్ళలో మా నెల్లూరు బాలు. గూడూరులో జరిగిన ఒక పాటల పోటీలోనే కుర్రవాడైన బాలసుబ్రహ్మణ్యం గొంతు విని ఎస్.జానకి మెచ్చుకున్న సంగతి మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సినిమాయే హిందీలో ఏక్ దూజే కే లియే అయి బాలుకు జాతీయ బహుమతి తెచ్చింది.

ఆ సినిమాలో పెద్దవాళ్ళు ఒక షరతు పెడతారు. ఏడాదిపాటు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు. అది గడిచాక కూడా ప్రేమ నిలిస్తే పెళ్ళి. పదహారేళ్ళప్పుడు ఆ షరతు పెట్టినవాళ్ళందరినీ ద్వేషించాను. నా పెద్దకూతురు తనకు నచ్చినవాడి గురించి ఇంట్లో చెప్పిన రోజు, నా నోటి నుంచి అచ్చంగా అదే మాట వచ్చింది, కొన్నాళ్ళు ఆగండి అని. ఆ మాట అన్న తర్వాత నాకు నేనే ఆ సినిమాలో తండ్రి స్థానంలో కనిపించాను. అప్పుడు తెలిసింది, ఆ పెద్దవాళ్ళు రాళ్ళు కారు, భయపడ్డ మనుషులు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి తెలిసింది. పెద్దవాళ్ళ భయానికి పిల్లలు ఏడాది జీవితం చెల్లించారు, చివరికి ప్రాణాలు చెల్లించారు. ఆ సాయంత్రమే కూతురి దగ్గరికి వెళ్ళి నా షరతు వెనక్కి తీసుకున్నాను. ఒక పాత సినిమా నాకు చేసిన మేలు అది.

1981లో ప్రేమాభిషేకం. దాసరి నారాయణరావు దర్శకత్వం. క్యాన్సర్ వచ్చిందని తెలిసిన నాయకుడు, ప్రేమించిన అమ్మాయి తనను మరిచిపోవాలని చెడ్డవాడిలా నటిస్తాడు. త్యాగం అంటే అదేనని ఊరూరా జనం తిరునాళ్ళలా వెళ్ళి చూశారు. మా ఇంట్లో ఒక మనిషి పెద్ద జబ్బుతో మంచాన పడిన రోజులు చూశాక ఆ త్యాగం నాకు వేరుగా కనిపిస్తోంది. ఆమెకు నిజం చెప్పి ఉంటే ఆమె ఏం చేసేదో ఆమె నిర్ణయించుకునేది. మిగిలిన కొద్దిరోజులు పక్కన కూర్చునే హక్కు ఆమెది. ఆ హక్కును ప్రేమ పేరుతో లాక్కున్నాడు. దేవదాసు ఉత్తరం, ఈ నాటకం ఒకే కొమ్మకు కాసినవి. రెండింటిలోనూ ఆడమనిషి కోసం నిర్ణయం తీసుకున్నది మగవాడే.

వెంటపడిన అడుగుల చప్పుడు

ఆ తర్వాతి తరం ప్రేమకథలు వేరే దారి పట్టాయి. 1998లో తొలిప్రేమ, 2000లో నువ్వే కావాలి లాంటివి కుర్రాళ్ళ మనసును మెత్తగా తాకాయి. అదే కాలంలో కాదన్న అమ్మాయిని ఒప్పుకునేదాకా వదలకపోవడమే ప్రేమ అన్న మాట తెర మీద బలంగా నాటుకుంది. 2004లో ఆర్య వచ్చినప్పుడు నా చిన్నకూతురు కాలేజీలో ఉంది. ఊరంతా ఆ సినిమా పాటలు పాడుతుంటే తను మాత్రం, "నాన్నా, రోజూ బస్టాండు నుంచి ఎవడో మన వెనకాల నడిచి వస్తుంటే అది పాటలా ఉండదు" అంది. నేను చూసిన సినిమాలన్నీ నాయకుడి భుజం వెనక నుంచి చూసినవే. ఆమె ముందు నడుస్తున్న పిల్లవైపు నుంచి చూసింది.

నాలుగేళ్ళ తర్వాత, 2008 డిసెంబరులో, వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఆ వార్త వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరం అన్నం తినలేకపోయాం. నేరానికి సినిమా ఒక్కటే కారణమని నేను అనను. కానీ కాదు అన్న మాటకు కాదు అనే అర్థమని మన ప్రేమకథలు మన కొడుకులకు గట్టిగా చెప్పి ఉండవలసింది. ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచార ఘోరం తర్వాత 2013లో, వద్దన్నా వెంటపడటాన్ని శిక్షాస్మృతిలో 354-డి సెక్షనుగా ప్రత్యేక నేరం చేశారు. ఇప్పుడు భారతీయ న్యాయసంహితలో అది 78వ సెక్షన్. మేం ఈల వేసి చప్పట్లు కొట్టిన కొన్ని సన్నివేశాలు ఈరోజు చట్టం ముందు నిలబడలేవు. 2017లో అర్జున్ రెడ్డి వచ్చినప్పుడు అమ్మాయిలు నాయిక ఎందుకు మాట్లాడటం లేదని గట్టిగా అడిగారు. పార్వతి గాయాన్ని చూడటానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. వాళ్ళు మొదటి ఆటకే చూశారు.

పెన్సిల్ గీత

ఇక్కడిదాకా వచ్చాక నేను నేర్చుకున్నదంతా వయసు ఇచ్చిన జ్ఞానమే అనుకున్నాను. అమ్మ పెట్టె తెరిచాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మా అమ్మ ఎస్సెస్సెల్సీ పాసయింది. టీచరు ట్రెయినింగుకు వెళ్ళాలని ఆశపడింది. పదిహేడేళ్ళకే పెళ్ళి చేసి గూడూరు పంపారు. 1960ల్లో రైల్లో దిగే పత్రికల కోసం ఆమె ఎంత ఎదురుచూసేదో మా నాన్న చెప్పేవాడు. ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్ళలాగే సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, వరసపెట్టి, దబ్బనంతో కుట్టి, బైండు చేయించుకునేది. పెట్టెలో అలాంటి కట్టలు ఉన్నాయి. అందులో ఒకటి, జ్యోతి మాసపత్రికలో వచ్చిన యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ. పేజీల వెనక వంటల శీర్షికలు, సబ్బుల ప్రకటనలు. కుట్టు దగ్గర కాగితం గోధుమరంగుకు తిరిగింది.

ఆ నవల పేరు చెప్తే తెలుగు లోకానికి రాజశేఖరం గుర్తుకొస్తాడు. పొడుగు, అందం, మేడ, కారు. ఆడవాళ్ళు పగటికలలు కనడానికి రాసిన పుస్తకమని మా తరం మగవాళ్ళం తేలిగ్గా కొట్టిపారేశాం. దాని కంటే రంగనాయకమ్మ బలిపీఠం గొప్పదని నేను కాలేజీలో వాదించేవాణ్ణి. చావు మంచం మీద ముత్తైదువుగా పోవాలన్న వితంతువు కోరిక తీర్చడానికి కులం కాని యువకుడు తాళి కట్టడం, ఆమె బతికి లేవడం, తర్వాత ఆ కాపురం కులం మంటల్లో కాలిపోవడం. పెళ్ళి తర్వాత ప్రేమ ఏమవుతుందో అంత నిక్కచ్చిగా చెప్పిన నవల తక్కువే. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ సెక్రటరీ విషయంలో నేను తప్పు చదివాను. అమ్మ కట్ట తెరిస్తే, రాజశేఖరం కారు దిగే పేజీల్లో ఏ గుర్తూ లేదు. జయంతి ఉద్యోగానికి వెళ్ళే పేజీల అంచున సన్నటి పెన్సిల్ గీత ఉంది. నిలువుగా, రూలుకర్ర పెట్టి గీసినంత తిన్నగా.

అమ్మకిప్పుడు ఎనభై మూడు. చూపు ఆనదు, చెవులు బాగున్నాయి. కట్ట తీసుకెళ్ళి, ఈ గీత నువ్వే గీశావా అమ్మా అని అడిగాను. వేలితో కాగితం తడిమింది. కొంచెంసేపు ఏమీ అనలేదు.

"ఆయన కారూ మేడా అందరూ చూసినారు నాయనా. ఆ పిల్లకు ఒకటో తేదీ జీతం వస్తది గదా. నేను దాన్ని చూసినా."

అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. నేను ఆమె ఒళ్ళో ఉన్నాను.

నేను అరవై ఏళ్ళు నడిచి, మెడ తిప్పి చూసుకుని, ఇదిగో ఈ కథల్లో ఇంకో కథ ఉందని కనుక్కున్నాననుకున్నాను. మా అమ్మ ఇరవై రెండేళ్ళకే ఆ రేకు ఒలిచి చూసింది. సత్యం గురించి శకుంతల చెప్పిన మాటను ఎవరో ఒక ఆడమనిషి పురాణకాలక్షేపంలో కూర్చుని మొదటిసారే సరిగ్గా విని ఉంటుంది. మల్లికి పల్లకీ వచ్చినప్పుడు హాల్లో ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వినిపించిందో లేదో నాకు గుర్తు లేదు. నేను ఆ వైపు చూడలేదు. మాకు వయసు మీద తెలిసినవి, ఆ బతుకు బతికినవాళ్ళకు మొదటి చదువులోనే తెలుసు. వాళ్ళు దాన్ని వ్యాసాలుగా రాయలేదు. పేజీ అంచున గీత గీసి, పెట్టెలో పెట్టుకున్నారు.

ఇంత తెలిశాక ఆ కథల మీద నా ప్రేమ తగ్గిందా అంటే, లేదు. దేవదాసు దగ్గు వినిపిస్తే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. గోదారి మీద పడవ కనిపిస్తే కళ్ళు నిండుతాయి. లోపల ఏమీ లేని కథ రెండో చదువుకే పొడి అయిపోతుంది. ఇవి కాలేదు. కత్తి పెట్టినప్పుడల్లా ఇంకో రేకు ఇచ్చాయి. మనం చేయవలసిందల్లా, వాటిని మన పిల్లలకు చెప్పేటప్పుడు పైరేకు ఒక్కటే చూపించి ఆపకుండా ఉండటం. శకుంతల పద్యం నేర్పితే ఆమె ఎవరితో అన్నదో చెప్పడం. గోపి కథ చెప్తే గౌరి పేరు చెప్పడం.

ఈ మధ్య సాయంత్రాలు అమ్మకు సెక్రటరీ చదివి వినిపిస్తున్నాను. నిన్న ఆ పెన్సిల్ గీత ఉన్న పేజీ వచ్చింది. అక్కడికి రాగానే నా గొంతు ఆగింది. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

"ఆపబాక. ఆ పిల్ల ఇంకా ఆఫీసు దాకా పోనేలేదు" అంది.